తక్‌పట్టీ చూడమన్న సార్

సార్ పోయి నెల దాటింది. జిల్లా పేజీలో సింగిల్ కాలం వార్త వచ్చింది. సీనియర్ పాత్రికేయుడి కన్నుమూత, పలువురి సంతాపం, అంత్యక్రియలు పూర్తి. పేరు, వయసు, ఎక్కడెక్కడ పనిచేశారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రాసిన పిల్లవాడు సార్‌ను ఎన్నడూ చూసి ఉండడు, అతన్ని అనేదేమీ లేదు. కానీ ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లం ఉమ్మడి వరంగల్ జిల్లాలో మండలానికొకరం ఉన్నాం. ఆయన మాకు ఏం నేర్పారో మాలో ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే అది మాతోనే పోతుంది. అందుకే కూర్చున్నాను. పేరు మాత్రం రాయను. అంత సర్వీసులో బైలైన్ వేసుకోని మనిషి, ఇంట్లోవాళ్లూ పేరొద్దనే అన్నారు. మాకు ఆయన సార్, అంతే.

మహబూబాబాద్ దగ్గరి కేసముద్రం వైపు మనిషి. 1980ల్లో అక్కడే కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరిగా మొదలుపెట్టారు. అప్పట్లో వార్త అంటే తెల్ల కాగితం మీద చేత్తో రాసి, కవర్లో పెట్టి, స్టేషన్‌కు పోయి ప్యాసింజర్ బండి గార్డు చేతికి ఇచ్చుడు. బండి తప్పితే వార్త తప్పినట్టే. రైలు లేని ఊళ్లవాళ్లు ఆర్టీసీ బస్సు డ్రైవర్‌ను బతిమాలుకునేవాళ్లు. అంత చేసి పంపినా మన ఊరి వార్త పేపర్లో కనబడాలంటే వరదన్నా రావాలె, హత్యన్నా జరగాలె. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక ఆ తీరు మారింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. చెరువు తూము పగిలినా, బడికి సారు రాకపోయినా, కరెంటు మోటార్లు కాలిపోయినా వార్తయింది. సార్ లాంటివాళ్లు మండలం నుంచి హన్మకొండ డెస్కుకు వచ్చింది ఆ తర్వాతి కాలంలోనే.

ఇనుగుర్తి వాళ్ల ఊరికి దగ్గర. ఆ సంగతి ఆయనకు చెప్పలేనంత గర్వం. 1922లో, నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ఆ పల్లెటూరి నుంచి ‘తెనుగు’ అని వారపత్రిక నడిపారు. సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక హైదరాబాద్‌లో మొదలైంది 1926లో. "పట్నం కంటే ముందు ఇనుగుర్తి" అనేవారు సార్, కొత్తగా డెస్కుకు వచ్చిన ప్రతివాడితోనూ. రజాకార్లు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపిన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ పుట్టింది కూడా మానుకోట (మహబూబాబాద్) దగ్గరి సుబ్రవేడులోనే. ఈ రెండు సంగతులూ తెలియకుండా వరంగల్‌లో విలేకరి ఉద్యోగం చేయొద్దని ఆయన పట్టు. నాకూ ఇప్పుడు అదే పట్టు ఉంది.

నేను ఆయన దగ్గరికి పోయింది 2005 చివర్లో. డిగ్రీ అయిపోయింది, పనిలేదు. మా నాయిన వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో హమాలీ. తెలిసినాయన ఒకరు డెస్కు దాకా తోలుకపోయి "పిల్లగాడు బాగ రాస్తడు" అని చెప్పిండు. సార్ నేను రాసింది అడగలేదు.

"మీ నాయిన ఏం జేస్తడు?"

"ఎనుమాములల హమాలీ సార్."

అంతవరకు కాగితాల్లో తలపెట్టుకుని ఉన్న మనిషి అప్పుడు నావైపు చూశారు. "అయితే మార్కెట్ ముచ్చట నాకన్న నీకే ఎక్కువ ఎర్క. రేపటి సంది మార్కెట్ నువ్వే చూడు తమ్మీ." 

హమాలీ కొడుకునని చెప్పుకోవడం కాలేజీలో నాకు కష్టంగా ఉండేది. అదే ఒక అర్హత అవుతుందని ఎవరూ అనలేదు అంతకుముందు. లైన్ అకౌంట్ మీద పని, అంటే అచ్చయిన వార్తను స్కేలు పెట్టి కొలిచి ఇచ్చే డబ్బులు. నెలంతా తిరిగితే పెట్రోలుకు సరిపోదు. అయినా ఆ రోజు ఇంటికి నడిచి వచ్చినప్పుడు నాకు పెద్ద కొలువు దొరికినట్టే ఉంది.

మార్కెట్ వార్త అంటే అప్పటికి అందరూ రాసేది ఒక్కటే. ఈరోజు ఇన్ని వేల బస్తాలు వచ్చాయి, జెండా పాట క్వింటాలుకు ఇంత పలికింది. జెండా పాట అంటే తెలియనివాళ్లకు చెప్తాను. పొద్దున్నే యార్డులో రైతులు రాసులు పోసి, బస్తాలు వరసపెట్టి ఉంటారు. ఖరీదుదార్లు, అడ్తిదార్లు (కమీషన్ ఏజెంట్లు), మార్కెట్ సిబ్బంది కలిసి ఒక మంచి సరుకు దగ్గర ఆగి, జెండా ఎత్తి వేలం పాడతారు. ఆ పాటలో వచ్చిందే ఆనాటి పెద్ద ధర. ఆ తర్వాత ఖరీదుదార్లు ఒక్కో రాసి దగ్గరికి పోయి ధర చెప్పుకుంటూ పోతారు. పెద్ద ధర పడేది ఒకటో రెండో లాట్లకు. మిగతా సరుకంతా కిందికే. తేమ ఉందని కొంత, రంగు లేదని కొంత, తాలు కలిసిందని కొంత దింపుతారు. రేడియోలో, పేపర్లో మాత్రం జెండా ధరే వస్తుంది. అది చూసి పక్క జిల్లా రైతు కూడా ట్రాలీ కట్టుకుని వస్తాడు, వచ్చినంక ఆ ధర ఆయన సరుకుకు రాదు.

ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన ముచ్చటే. నాయిన రోజూ అన్నం తింటూ చెప్పేది ఇదే. కానీ దాన్ని వార్తగా రాయొచ్చని సార్ చెప్పేదాకా నాకు తోచలేదు. ఆయన నన్ను ఆఫీసు బోర్డు మీది ధరలు ఎక్కించుకోవద్దన్నారు. "గేటు కాడ నిలబడు. కాంటా అయినంక పోయేటోళ్ల చేతిల తక్‌పట్టీ ఉంటది. అది చూడు. దాంట్ల ఉన్న ధర రాసుకో. పొద్దుటి సంది మాపటి దాక ఎంతమంది చూపెడితె అందరివీ రాసుకో."

తక్‌పట్టీ అంటే అడ్తిదారు రైతుకు రాసిచ్చే లెక్క కాగితం. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, తరుగు ఎంత, ధర ఎంత, హమాలీ, కాంటా వేసే దడువాయి కూలీ ఎంత, అడ్తి ఎంత, ముందు ఇచ్చిన అప్పులోకి ఎంత పట్టుకున్నారు, చేతికి ఎంత ఇచ్చారు, అన్నీ దాంట్లోనే ఉంటాయి. ఒక్క తక్‌పట్టీ చదవగలిగితే ఆ రైతు యాడాది సంసారం కనబడుతుంది. మొదట్లో రైతులు చూపెట్టడానికి భయపడ్డారు. మా నాయిన పేరు చెప్పినంక చూపెట్టారు. సాయంత్రానికి నా నోటుబుక్కులో ఒకవైపు జెండా పాట, ఒకవైపు రైతుల చేతికి నిజంగా వచ్చిన ధరలు. అవి అట్లే అచ్చయ్యాయి, పొగడ్తా లేదు, తిట్టూ లేదు. పేజీ మీద రెండు నిలువు వరసలు, అంతే. మర్నాడు పొద్దున యార్డులో చాయ హోటల్ దగ్గర ఆ పేజీ చేతులు మారింది. నాయిన ఆ రోజు నాతో ఏమీ అనలేదు కానీ పేపర్ మడిచి అంగీ జేబులో పెట్టుకుని పనిలోకి పోయిండు.

మార్కెట్ గురించి ఎవరు రాసినా ‘ఆసియాలోనే పెద్దదైన’ అనో ‘రెండో పెద్దదైన’ అనో మొదలుపెట్టేవాళ్లు. సార్ ఎర్ర పెన్నుతో ఆ మాటలు కొట్టేసేవారు. "ఎవరు కొలిచిన్రు?" అని అడిగేవారు. ఎవరూ జవాబు చెప్పలేదు, ఆయనా ఆ మాటలను పేజీలోకి రానీయలేదు.

అన్నిటికంటే నాకు గట్టిగా నిలిచిపోయింది వేరే ఉంది. రైతు ఆత్మహత్యల వార్త.

1997, 98 చలికాలంలో వరంగల్ జిల్లా పత్తి రైతుల చావులతో దేశమంతా తెలిసింది. అకాల వానలు, ఆ తర్వాత లద్దెపురుగు, పనిచేయని మందులు, ఎరువుల దుకాణపాయన దగ్గరే అప్పు, ఆయన దగ్గరే మందు. సార్ అప్పుడు రిపోర్టర్. ఊరూరు తిరిగారు. ఆత్మకూరు, గీసుగొండ, పరకాల, రేగొండ. ఆ తిరుగుడులో రాసుకున్న నోటుబుక్కులు ఆయన బీరువాలో కట్టగట్టి ఉండేవి. ఎవరింటికి పోయినా ఒకే వరసలో అడిగిన ప్రశ్నలు, ఒకే వరసలో జవాబులు. సొంత భూమి ఎంత, కౌలు ఎంత, కౌలు రేటు ఎంత, బాయా బోరా, ఎన్ని బోర్లు వేశారు, ఏ విత్తనం, అప్పు ఎవరెవరిది, వడ్డీ ఎంత, ఇంట్లో ఎవరెవరున్నారు, పిల్లలు ఏ తరగతి.

నేను చేరిన తొలి ఏడాది పరకాల వైపు నుంచి ఒక చావు కబురు డెస్కుకు వచ్చింది. పోలీసు స్టేషన్ నుంచి వచ్చిన సమాచారంలో ‘కడుపునొప్పి తాళలేక’ అని ఉంది. అప్పట్లో జిల్లా పేజీలో ఈ మాట లేని వారం ఉండేది కాదు. సార్ ఆ కాగితం పక్కన పెట్టి, "పా తమ్మీ" అని స్కూటర్ తీశారు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మార్చురీ దగ్గరికి పోయాం. చెట్టు కింద నలుగురైదుగురు మొగోళ్లు కూర్చున్నారు. ఒకాయన చేతిలో ఆధారాల కాగితాలు ఉన్న ప్లాస్టిక్ కవరు. చనిపోయినాయన అన్న. సార్ పెన్ను తీయలేదు, మేం పేపరోళ్లమని మాత్రం చెప్పి పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"పత్తేనా?"

"పత్తే సార్."

"సొంతమా?"

"రెండెకురాలు మాది. నాలుగు కౌలుకు జేసిండు."

"బోరుకు నీళ్లున్నయా?"

"మూడు ఏసిండు. రెండు పొయినయి."

"అప్పు?"

ఆయన జవాబు చెప్పకుండా పక్కకు చూసిండు. పక్కన నిలబడ్డవాళ్లలో తెల్లంగీ వేసుకున్నాయన ఒకడు మా మాటలు వింటున్నాడు. సార్ లేచి, "చాయ తాగుదాం పా అన్నా" అని ఆ అన్నను రోడ్డు మీదికి తీసుకపోయారు. అక్కడ, చాయ కొట్టు వెనక, అప్పు లెక్క అంతా వచ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. కడుపునొప్పి అని దరఖాస్తులో ఎందుకు రాయించారని అడిగితే, అట్ల రాస్తే తొందరగా శవాన్ని ఇస్తరని ఊళ్లో ఎవరో చెప్పారట, అప్పు మాట ఎత్తితే అప్పిచ్చినాయన ఊరుకోడన్న భయం కూడా ఉందట. ఆ భయం నేను ఆ రోజు ఆయన మొహంలో చూశాను.

ఆఫీసుకు వచ్చినంక సార్ ఒక పని చేయించారు. ఆ నాలుగెకరాల భూమి ఎవరిదో కనుక్కొని, హన్మకొండలోనే ఉంటున్న ఆ భూస్వామికి ఫోన్ చేయమన్నారు. చేస్తే ఆయన, "ఔను, నా భూమే. మూడేండ్ల సంది ఆయనే చేస్తుండు" అన్నాడు. ఆ ఒక్క వాక్యం ఆయన మాటగా వార్తలో పెట్టించారు. అది అంత ముఖ్యమని నాకు ఆ రోజు అర్థం కాలేదు.

2004లో జీవో 421 వచ్చి ఉంది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల సెటిల్‌మెంటుకు మరో 50 వేలు. కానీ అది ఊరికే రాదు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ, ఈ ముగ్గురి కమిటీ వచ్చి విచారణ చేసి, ఇది వ్యవసాయం అప్పుల వల్ల జరిగిన చావే అని తేల్చాలె. ఎఫ్ఐఆర్‌లో కడుపునొప్పి అని ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. పట్టాదారు పాసుబుక్కు లేకపోతే ఆగుతుంది. కౌలుకు ఏ కాగితమూ ఉండదు, నోటిమాటే. సార్‌కు ఇదంతా ముందే తెలుసు.

ఆ ఇంటామె తర్వాత ఆ పేపర్ కటింగును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. మొదట ఫైలు తిప్పి పంపారు. కౌలుకు ఆధారం లేదన్నారు. సార్ నాతో మళ్లీ ఫాలోఅప్ రాయించారు. ఈసారి భూస్వామితో కాగితం మీద సంతకంతో రాయించుకొచ్చేలా ఆమెకు దారి చెప్పారు. ఏడాది దాటినంక మంజూరైంది. ఆ మంజూరు వార్త కూడా సింగిల్ కాలమే వేశారు, మా పత్రిక ఎఫెక్ట్ అని పెట్టుకుందామని నేనంటే ససేమిరా అన్నారు. ఆమె తిరిగింది, ఆమెకు వచ్చింది, మనదేముంది అన్నారు. నాకు అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు ఆ నిర్ణయమే సరైందని నేను చెప్తాను.

ఆ తర్వాత 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2015లో పరిహారం 6 లక్షలైంది. 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారుకు లేదు. ప్రతి మార్పు వచ్చినప్పుడూ సార్ నాకు ఫోన్ చేసి అదే అడిగేవారు. నాలుగెకరాలు కౌలు చేసేటోడు దీంట్ల యాడున్నడు? రిటైరైనంక కూడా.

మేడారం గురించి కొంచెం చెప్పాలె. 2008 జాతరకు నన్ను వెంట తీసుకపోయారు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క. విలేకరులందరూ గద్దెల దగ్గర, ఎదురుకోళ్ల దగ్గర, జంపన్నవాగు దగ్గర ఉంటారు, ఉండాలె కూడా. సార్ నన్ను తప్పిపోయినవాళ్ల శిబిరం దగ్గర కూర్చోబెట్టి, తెల్లారేదాక అక్కడినుంచి కదలొద్దన్నారు. రాత్రంతా మైకులో ఊళ్ల పేర్లే. ఫలానా మండలం ఫలానా ఊరి అవ్వ ఇక్కడున్నది, మనుమడు రావాలె. చిన్న పిల్లలకు ఊరి పేరు రాదు, నాయిన పేరు చెప్తే ‘నాయిన’ అనే చెప్తారు. ఒక పాప తన ఇంటి బర్రె పేరు చెప్పింది. మైకు పట్టుకున్నాయన ఆ బర్రె పేరే చెప్పి పిలిస్తే అర్ధగంటలో తల్లి ఉరికొచ్చింది. ఆ వార్త నా మొదటి బాక్స్ ఐటం. జాతరకు ఎన్ని లక్షలమంది వచ్చారనే లెక్క మాత్రం అధికారులు చెప్పినట్టుగానే, వాళ్లే చెప్పారని రాసి వదిలేయమన్నారు, ఆ లెక్క మన నోటితో చెప్పొద్దని.

ఆయనతో ఉండటం సుఖమైన సంగతేమీ కాదు. కాపీ బాగాలేకపోతే టేబుల్ మీదినుంచి కింద పడేసేవారు, పడ్డ కాగితం మనమే ఏరుకోవాలె. బాగుంటే ఏమీ అనరు. మండలాల్లో కష్టపడే కంట్రిబ్యూటర్ల మీద యాడ్ టార్గెట్లు పెట్టినప్పుడు మాత్రం మేనేజ్‌మెంటుతో గొడవపడ్డారు. సర్పంచ్ దగ్గర పండుగ యాడ్ అడిగి తెచ్చుకున్న విలేకరి మర్నాడు అదే సర్పంచ్ మీద వార్త ఎట్ల రాస్తడని. ఆ గొడవలో ఆయన గెలవలేదు. దానివల్ల ఆయనకు ప్రమోషన్ ఆగిందని మేమందరం నమ్ముతాం.

తెలంగాణ రావాలని ఆయనకు లోపల ఎంత ఉందో మాకు తెలుసు. పేజీలో మాత్రం నినాదం రానీయలేదు. 2010 మే 28న జగన్ ఓదార్పు యాత్రను తెలంగాణవాదులు అడ్డుకున్నప్పుడు మహబూబాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర కాల్పులు జరిగిన రోజు డెస్కులో ఫోన్లు ఆగలేదు. ఎవరు కాల్చారన్నది ఒక్కో ఫోన్లో ఒక్కో తీరు. ఆయన సొంత గడ్డ అది, స్టేషన్ బయట రాళ్లు పడ్డ చోటు కూడా ఆయనకు కండ్ల ముందు కనబడేంత ఎర్క. ఆ రాత్రి ఆయన చేతులు వణకడం చూశాను. అయినా మనవాడు కండ్లతో చూసింది ఇంతవరకు, ఆస్పత్రిలో డాక్టర్ చెప్పింది ఇంతవరకు, పోలీసులు చెప్తున్నది ఇది, ఆందోళనకారులు చెప్తున్నది ఇది అని విడివిడిగా పెట్టించి పేజీ వదిలారు.

కొన్నేళ్లకు నేను ఛానల్లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ పోయాను. సార్‌కు అది అస్సలు నచ్చలేదు. "మైకు పట్టుకుంటే అవతలోడు నీకోసం ఏడుస్తడు. నోటుబుక్కు పట్టుకుంటే ఆయన కోసం ఆయన మాట్లాడుతడు" అన్నారు. చాలాకాలం నా ఫోన్ ఎత్తలేదు. నాకు ఇద్దరు పిల్లలు, నాయినకు నడుము పోయింది, లైన్ అకౌంట్‌తో ఇల్లు నడవదు. నేను పోయింది సరైన పనే. ఆ విషయంలో సార్‌తో నాకు చివరిదాకా కలవలేదు. కానీ మైకు గురించి ఆయన అన్నది ఎంత నిజమో ఫీల్డులో రోజూ చూశాను కాబట్టి, కెమెరా ఆన్ చేయకముందు మనిషి పక్కన కొంతసేపు ఊరికే కూర్చునే అలవాటు చేసుకున్నాను. మళ్లీ మాటలు కలిసినప్పుడు ఆయనకు ఇది చెప్పాను. "గంతే చాలు" అన్నారు.

2020 లాక్‌డౌన్‌లో మా పాత జిల్లా టాబ్లాయిడ్ ఆగిపోయింది. మెయిన్ పేపర్లో కొన్ని పేజీలుగా మిగిలింది. అప్పటికే 2016లో ఒక్క వరంగల్ అయిదు జిల్లాలైంది, 2019లో ములుగుతో ఆరు. జిల్లాలు పెరిగినా జిల్లా వార్తలకు జాగా తగ్గింది. ఆయనకు ఇది మనసులో పెద్ద దెబ్బ. చూపు మందగించినా పేపర్ దగ్గర పెట్టుకుని, ప్రతి మండలం డేట్‌లైన్ వెతికేవారు. కేసముద్రం నుంచి వారంలో ఒక్క వార్తా రాలేదని ఒకసారి నాతో అన్నప్పుడు గొంతు మారింది.

చివరిసారి కలిసింది 2025లో, వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత. చపాటా అంటే మన దగ్గర టమాటా మిర్చి అనేది, గుండ్రంగా, నిండు ఎరుపు, కారం తక్కువ, రంగు ఎక్కువ. నేను సంతోషంగా చెప్పాను, మన ఎనుమాములకు పేరొచ్చింది సార్ అని. ఆయన మంచంలో ఉన్నారు. వింటున్నారా లేదా అనుకున్నాను. కాసేపాగి, "తక్‌పట్టీల ఎంత పెరిగింది?" అన్నారు. నేను మర్నాడు పొద్దున్నే మార్కెట్ గేటు దగ్గరికి పోయాను. ఇప్పుడు రైతులు ఫోన్లో ఫొటో తీసి చూపెడుతున్నారు. అడిగినవన్నీ రాసుకుని సాయంత్రం ఆయనకు చదివి వినిపించాను. ఒక్కో ధర దగ్గర ఆపి, ఏ ఊరు, ఎన్ని బస్తాలు, తరుగు ఎంత తీసిండ్రు అని అడిగారు. నాయిన లేని ఈ రోజుల్లో నాకు మార్కెట్ గురించి అట్ల అడిగే మనిషి ఆయన ఒక్కరే మిగిలారు.

దినాలు అయినంక వాళ్ల బిడ్డ నన్ను పిలిచి, ఆ 97, 98 నోటుబుక్కుల కట్ట నా చేతిలో పెట్టింది. కొన్ని వానకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. కొన్నిటికి చెదలు పట్టింది. ఒక్కో పేజీ ఫొటో తీసి, టైపు చేస్తున్నాను. ఊరు, భూమి, కౌలు, బోర్లు, అప్పు, పిల్లల తరగతి, అన్నీ ఆయన రాసిన వరసలోనే. ఆ కుటుంబాల పేర్లు వాళ్లను అడగకుండా బయటపెట్టను. వాళ్లలో చాలామందిని వెతకాలె కూడా. అప్పుడు మూడో తరగతి, అయిదో తరగతి అని రాసిన పిల్లలకు ఇప్పుడు పిల్లలుంటారు. తమ నాయిన ఎందుకు పోయిండో ఇంట్లో దాచిపెట్టి చెప్పి ఉంటే, అసలు లెక్క ఈ నోటుబుక్కులోనే ఉంది. అది వాళ్లకు చేరాలె.

ఆ కాలంలో మండలాల్లో పనిచేసిన కంట్రిబ్యూటర్లు ఎవరి దగ్గరన్నా పాత కటింగులు, కవర్లు, రాత కాపీలు ఉంటే పాత పేపర్లకు అమ్మకండి. నేనే వచ్చి స్కాన్ చేసుకుని తిరిగి ఇస్తాను. ఇప్పటికి రేగొండ, ఆత్మకూరు పేజీలు అయిపోయాయి. గీసుగొండ బుక్కులో ఒక పేజీ సగం తడిసింది. ఊరి పేరులో మొదటి అక్షరమే కనబడుతోంది, కింద మాత్రం ‘రెండు సొంతం, అయిదు కౌలు, బిడ్డ ఏడో తరగతి’ అని స్పష్టంగా ఉంది. ఆ అక్షరంతో మొదలయ్యే ఊళ్లు ఆ మండలంలో ఎన్ని ఉన్నాయో రాసుకున్నాను. వచ్చే ఆదివారం అటే పోతున్నాను.